సంప్రదాయం పేరు చెప్పి నోరు మూయించొద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న మీ పేపర్ ఆధ్యాత్మిక పేజీలో క్రైస్తవంలోని శాఖల మీద ఒక వ్యాసం వేశారు. బాగానే రాశారు అనుకుంటూ చదువుతూ పోయాను, చివరికి వచ్చేసరికి ఒక్క వాక్యం దగ్గర చిరాకేసింది. ప్రొటెస్టెంట్లకు బైబిలే ప్రమాణమట, క్యాథలిక్కులకు మాత్రం బైబిల్ కంటే సంప్రదాయం, పోప్ మాట ఎక్కువట. నాలుగు వందల యాభై ఏళ్ళకు పైగా నడుస్తున్న వాదాన్ని ఒక్క లైన్లో తేల్చేశారు. ఆ వ్యాసం రాసినాయన మీద నాకు కోపం లేదు, ఎందుకంటే మా క్యాథలిక్కుల్లోనే సగం మంది అట్లాగే అనుకుంటారు, కొందరు అదేదో గొప్ప అన్నట్టు చెప్పుకుంటారు కూడా. అందుకే ఈ ఉత్తరం కొంచెం ఆయనకు, ఎక్కువ మా వాళ్ళకు.

నాది నల్లగొండలో డీటీపీ, ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు. పుట్టుకతో క్యాథలిక్‌ని. నా భార్య పుట్టిల్లు దేవరకొండ వైపు, వాళ్ళది ఎంబీ చర్చి, అంటే మెన్నొనైట్ బ్రదరన్. షాపుకు రెండు వైపుల వాళ్ళూ వస్తారు. సీజన్లో ఒక సిస్టమ్ మీద మా విచారణ, అంటే పారిష్, నవదిన ప్రార్థనల కరపత్రం నడుస్తుంటే, పక్క సిస్టమ్ మీద సువార్త మహాసభల ఫ్లెక్సీ రెడీ అవుతుంటుంది. ఫ్లెక్సీ కింద వచనం మార్కు 7:8, దేవుని ఆజ్ఞను విడిచిపెట్టి మనుషుల సంప్రదాయాన్ని పట్టుకు వేలాడుతున్నారని యేసు పరిసయ్యులను, అంటే ఆచారాలు పట్టుగా పాటించే అప్పటి యూదులను, తిట్టే చోటు. కరపత్రం కింద వచనం 2 తెస్సలోనిక 2:15, మా నోటి మాట ద్వారా గానీ ఉత్తరం ద్వారా గానీ మీరు నేర్చుకున్న సంప్రదాయాలను గట్టిగా పట్టుకోండి అని పౌలు చెప్పే చోటు. రెండూ ఒకే బైబిల్‌లో ఉన్నాయి. ఎవరికి కావలసింది వాళ్ళు పెద్ద ఫాంట్‌లో వేయించుకుని పోతున్నారు. ప్రూఫ్ చూసేవాణ్ణి నేను కాబట్టి నాకు రెండూ కనిపిస్తాయి.

ముందు శ్రీసభ, అంటే మా క్యాథలిక్ చర్చి, అసలు ఏం చెబుతుందో చెప్తాను, మిగతాది తర్వాత. ప్రపంచంలోని బిషప్పులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ 1965 నవంబర్ 18న దైవ వాక్కు మీద ఒక పత్రం ఆమోదించింది, లాటిన్‌లో దాని పేరు దేయి వెర్బుమ్. 2,344 మంది సరే అన్నారు, ఆరుగురు కాదన్నారు. గ్రంథమూ సంప్రదాయమూ ఒకే ఊట నుంచి వచ్చాయని, రెండూ కలిసి శ్రీసభకు అప్పగించిన ఒకే నిధి అని అందులో ఉంది. మరి వాటికి అర్థం చెప్పే అధికారం పోప్‌కు, ఆయనతో కలిసి ఉన్న బిషప్పులకు ఉంది కదా అంటారా, ఉంది. కానీ అదే పత్రం పదో పేరాలో, ఈ బోధనాధికారం దేవుని వాక్కుకు పైన లేదు, దానికి సేవ చేస్తుంది, తనకు అందినదాన్నే బోధిస్తుంది అని తేటగా రాసి పెట్టారు. మీ వ్యాసం చెప్పింది దీనికి సరిగ్గా తలకిందులు.

ఈ పత్రం ఊరికే రాలేదు. 1962లో మహాసభ మొదటి విడతలో పెట్టిన ముసాయిదా వేరే. దైవ ప్రకటనకు, అంటే దేవుడు మనుషులకు తెలియజేసినదానికి, రెండు మూలాలు ఉన్నాయి, గ్రంథం ఒకటి, సంప్రదాయం ఇంకొకటి అన్నట్టు రోమ్‌లోని పాతకాపులు తయారు చేసిన ముసాయిదా అది. దాని మీద బిషప్పుల మధ్య పెద్ద లొల్లి అయింది. నవంబర్ 20న ఓటింగ్ పెడితే చర్చ ఆపేయమన్నవాళ్ళు 1,368 మంది, సాగనిమ్మన్నవాళ్ళు 822 మంది. ఎక్కువ మంది వద్దన్నా, ఆపాలంటే మూడింట రెండు వంతులు కావాలి, అది రాలేదు. అంటే మెజారిటీకి ఇష్టం లేని ముసాయిదా రూల్ ప్రకారం నడవాల్సిందే. మర్నాడు పోప్ 23వ జాన్ కల్పించుకుని దాన్ని వెనక్కి తీసుకుని, కొత్త కమిటీకి అప్పగించారు. మూడేళ్ళు కిందా మీదా పడి రాసుకున్నాక వచ్చిందే ఆ 1965 పత్రం. పోప్ మాటే వేదమైన చోట ఇంత కొట్లాట ఎందుకు జరుగుతుంది?

ఇక నా బామ్మర్ది సంగతి. ఎంబీ చర్చిలో పెద్ద, మంచి చదువరి, వచనాలు నోటికి ఉంటాయి. మేమిద్దరం కలిస్తే ఇంట్లో ఆడవాళ్ళు టీవీ సౌండ్ పెంచుకుంటారు. "బావా, బైబిల్‌లో లేనిది నాకు వద్దు" అంటాడు. సరే తమ్ముడూ, కొత్త నిబంధనలో 27 పుస్తకాలే ఉండాలని బైబిల్‌లో ఏ వచనంలో ఉంది అని అడుగుతాను. ఎక్కడా లేదు. సువార్తల పేర్లతో, అపొస్తలుల పేర్లతో అప్పట్లో ఇంకా చాలా పుస్తకాలు తిరిగేవి. ఇప్పుడు మన చేతుల్లో ఉన్న 27 పుస్తకాల జాబితా సరిగ్గా అట్లాగే కనిపించేది అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ 367లో రాసిన ఈస్టర్ ఉత్తరంలో. ఏ పుస్తకం అపొస్తలుల నుంచి వచ్చింది, ఏ పుస్తకాన్ని సంఘాలు ఆరాధనలో మొదటి నుంచీ చదువుతున్నాయి అని చూసి చూసి అక్కడికి చేరారు. అట్లా చూసి తేల్చుకోవడాన్నే మేం సంప్రదాయం అంటాం. మా బామ్మర్ది "అది దేవుడే నడిపించిండు బావా" అంటాడు. మేం చెప్పేదీ అదే కదా.

పాత నిబంధన దగ్గర మాత్రం లెక్క తేడా వస్తుంది. వాళ్ళ బైబిల్ మొత్తం 66 పుస్తకాలు, మాది 73. తోబీతు, యూదితు, మక్కబీయులు రెండు, జ్ఞానగ్రంథం, సీరా, బారూకు, ఇంకా ఎస్తేరు, దానియేలు గ్రంథాల్లో కొన్ని భాగాలు మాకు ఎక్కువ. క్యాథలిక్కులు బైబిల్‌కు కలిపారని వాళ్ళు, ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ పక్కకు పెట్టాడని మేము. ట్రెంట్ మహాసభ 1546 ఏప్రిల్ 8న జాబితాను అధికారికంగా ఖాయం చేసిన మాట నిజమే, కానీ ఆ పుస్తకాలు 397లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో జరిగిన సభ జాబితాలోనే ఉన్నాయి. యూదుల లెక్కలో లేవు కాబట్టి వాటిని అదే వరసలో పెట్టొద్దని పునీత (సెయింట్) జెరోమ్ లాంటి మహా పండితుడే అన్నాడు, అదీ నిజమే. దీన్ని తేల్చాలంటే గ్రంథం ఒక్కటే చాలదు, ఎందుకంటే తగాదా అసలు గ్రంథం ఎంతవరకు అన్న దాని మీదనే. ఎవరో ఒకరు తేల్చాలి. ఎవరు అన్నదే అసలు ప్రశ్న.

మా తాతల కాలం సంగతి ఆలోచించండి. ఈ జిల్లాలో జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం, తీసుకున్నవాళ్ళలో ఎక్కువ మంది కూలీనాలీ చేసుకునేవాళ్ళు, అక్షరం ముక్క రానివాళ్ళు. వాళ్ళ చేతిలో బైబిల్ పెడితే ఏం చేసుకుంటారు? సాయంత్రం పొలం నుంచి వచ్చాక ఉపదేశి గారు దీపం దగ్గర కూర్చోబెట్టి పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం నోటితో చెప్పి చెప్పించేవారు. మా నాయనమ్మకు అక్షరం రాకపోయినా శ్రమల చరిత్ర మొత్తం వచ్చు, పేతురు ఎన్నిసార్లు బొంకాడో, కోడి ఎప్పుడు కూసిందో తప్పు పోకుండా చెప్పేది. బతుకమ్మ పాటలు ఏ పుస్తకం చూసి నేర్చుకున్నారు మన ఆడవాళ్ళు? తల్లి పాడితే బిడ్డ పాడింది. మొదటి క్రైస్తవులకూ విశ్వాసం అట్లాగే అందింది, యేసు వెళ్ళిపోయాక చాలా ఏళ్ళ వరకు ఒక్క సువార్త కూడా రాసి లేదు. అయితే పాటలో ఊరికో చరణం మారినా ఎవరూ ఏమీ అనరు. యేసు లేచాడా లేదా అన్న దగ్గర ఊరికో మాట చెబితే నడవదు. కాబట్టి నోటి మాట సరిగ్గా అందుతుందో లేదో చూసే కాపలా కావాలి. బిషప్పులు ఉన్నది అందుకు.

ఇదంతా పుస్తకాల గొడవ, మన బతుకులకు ఏం సంబంధం అంటారేమో. ఉంది. మా దగ్గరి చుట్టాల్లో ఒక పెళ్ళి ఇంతకుముందు దీని మీదనే ఆగిపోయేదాకా వచ్చింది. పిల్ల మా వైపు, పిలగాడు ఎంబీ వైపు. కట్నం మాటలు కాదు, పెట్టుపోతలు కాదు, జ్ఞానస్నానం దగ్గర తెగలేదు. పిల్లకు నెలల వయసులో నెత్తి మీద నీళ్ళు పోశారు, అది బాప్తిస్మమే కాదు, మళ్ళీ నీళ్ళలో ముంచాలి అని వాళ్ళ పెద్దలు. తండ్రి, కుమార, పవిత్రాత్మ పేరున నీళ్ళు పోశాక మళ్ళీ తీసుకోవడమేంది, ఒక్కసారే అని మా వాళ్ళు. మా వైపు నుంచి మిశ్రమ వివాహానికి బిషప్ గారి అనుమతి కావాలి, అది అడిగితే వస్తుంది, మేం వాళ్ళ బాప్తిస్మాన్ని ఒప్పుకుంటాం కాబట్టి పిలగాణ్ణి మళ్ళీ తీసుకొమ్మని అడగం. కానీ పుట్టబోయే పిల్లలకు మా దగ్గర జ్ఞానస్నానం ఇప్పించడానికి తన చేతనైనంత చేస్తానని మా పిల్ల మాట ఇవ్వాలి. అక్కడ వాళ్ళకు మండింది. మాట్లాడుకున్నవాళ్ళంతా మంచివాళ్ళే, ఎవరి టెన్షన్ వాళ్ళది.

చంటిపిల్లలకు జ్ఞానస్నానం ఇమ్మని బైబిల్‌లో సూటిగా లేదు, ఒప్పుకోవాలి. ఇవ్వొద్దనీ లేదు. లూదియా ఇంటివాళ్ళందరూ తీసుకున్నారని, చెరసాల కాపరి ఇంటిల్లిపాదీ తీసుకున్నారని అపొస్తలుల కార్యాలు 16లో ఉంది, ఆ ఇళ్ళల్లో చంటిపిల్లలు ఉన్నారో లేదో రాయలేదు. మూడో శతాబ్దంలో వేదాంత పండితుడు ఓరిజెన్ మాత్రం పిల్లలకు కూడా ఇవ్వమని అపొస్తలుల నుంచే శ్రీసభకు అందిందని రాశాడు. అంతకంటే ముందు ఇంకో పండితుడు తెర్తుల్లియన్ పిల్లలకు తొందరెందుకు, ఎదిగాక ఇవ్వండి అని వాదించాడు. వద్దని వాదించాడంటే అప్పటికే ఇస్తున్నారన్న మాట. ఇక్కడ గ్రంథం మౌనంగా ఉంది, సంఘం ఆచరణ మాట్లాడుతోంది. ఆ మాట వినాలా వద్దా అన్నదే మాకూ వాళ్ళకూ తేడా.

మెన్నొనైట్లంటే నాకు గౌరవం ఉంది, ఇది పైపైకి అంటున్న మాట కాదు. 1889లో రష్యా సామ్రాజ్యం నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీజెన్ దంపతులు నల్లగొండలో పని మొదలుపెట్టారు, ఆ తర్వాత అమెరికా మెన్నొనైట్లు దేవరకొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్, కల్వకుర్తి వైపు పోయారు. వాళ్ళ పేరుకు మూలమైన మెన్నో సైమన్స్ మొదట మా క్యాథలిక్ గురువే, అంటే ఫాదరే, 1536లో వదిలి వెళ్ళాడు. వాళ్ళ పూర్వీకులు పెద్దయ్యాక మళ్ళీ బాప్తిస్మం తీసుకున్నందుకు ప్రాణాలు పోగొట్టుకున్నారు. క్యాథలిక్ రాజులు చంపారు, అది మా మీద ఉన్న మచ్చ. కానీ వాళ్ళలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను 1527 జనవరిలో జూరిచ్‌లో లిమ్మాట్ నదిలో ముంచి చంపింది క్యాథలిక్కులు కాదు. గ్రంథం ఒక్కటే ప్రమాణం అని చెప్పే అక్కడి ప్రొటెస్టెంట్ నాయకుడు జ్వింగ్లీ అనుచరుల నగర సభ. మాంజ్ కూడా గ్రంథం ఒక్కటే ప్రమాణం అన్నవాడే, జ్వింగ్లీ దగ్గర చదువుకున్నవాడే. ఒకే పుస్తకం పట్టుకున్న ఇద్దరిలో ఒకరు ఇంకొకరిని నీళ్ళలో ముంచారంటే, పుస్తకం చేతిలో ఉన్నంత మాత్రాన తగాదా తీరదని అర్థమవుతుంది. దీనికి మా బామ్మర్ది దగ్గర ఇప్పటిదాకా జవాబు లేదు. "వాళ్ళది తప్పు బావా" అంటాడు. తప్పే. ఎవరు చెప్పాలి తప్పని?

మళ్ళీ తీసుకోవాలా వద్దా అన్న గొడవ కూడా కొత్తది కాదు. 255, 256 ప్రాంతంలో కార్తేజ్ బిషప్ సిప్రియన్‌కూ, రోమ్ పోప్ స్తెఫానుకూ ఇదే తగాదా. శ్రీసభ నుంచి విడిపోయినవాళ్ళ దగ్గర బాప్తిస్మం తీసుకుని తిరిగి వచ్చినవాళ్ళకు మళ్ళీ ఇవ్వాలి అని సిప్రియన్, అక్కర్లేదు అని స్తెఫాను. స్తెఫాను మాట, అందినది తప్ప కొత్తదేదీ పెట్టొద్దు అని. సిప్రియన్ జవాబు ఎంత ఘాటుగా ఉంటుందంటే, సత్యం లేని ఆచారం పాతబడిన తప్పు మాత్రమే అన్నాడు. చివరికి శ్రీసభ స్తెఫాను వైపే నడిచింది, అందుకే ఈ రోజు మేం ఎంబీ పిలగాణ్ణి మళ్ళీ నీళ్ళ దగ్గరికి పిలవం. కానీ పోప్‌తో మొహం మీదనే కాదన్న సిప్రియన్‌ను శ్రీసభ పునీతుడిగానే పెట్టుకుంది, బలిపూజలో, అంటే మా గుడి ఆరాధనలో, ఆయన పేరు చదువుతారు. పాతబడిన తప్పు అన్న ఆయన మాట కూడా పారేయలేదు. ఆ మాట ఇప్పుడు మా ఇళ్ళల్లో, మా విచారణల్లో బాగా అవసరం.

ఇక్కడి నుంచి మా వాళ్ళకు. ఊరి పేరు చెప్పను. మా సమాధుల తోటకు ఒక మూల, గోడ అవతల, తంగేడు పొదల్లో చిన్న చిన్న మట్టి కుప్పలు ఉంటాయి. సిలువ లేదు, పేరు లేదు. జ్ఞానస్నానం కాకముందే పోయిన చంటిపిల్లలవి. లోపల పెట్టనియ్యలేదు. పెద్దలు చెప్పిన కారణం ఒక్కటే, జ్ఞానస్నానం లేని బిడ్డ మోక్షానికి పోదు, పవిత్రమైన నేలలో పెట్టకూడదు, ఇది మన సంప్రదాయం బిడ్డా, ఇందులో వేలు పెట్టొద్దు. నాకు తెలిసిన ఒకామె పొద్దున కాన్పు, సాయంత్రానికి బిడ్డ పోయింది, ఫాదర్ గారు పక్క ఊళ్ళో ఉన్నారు, వచ్చేసరికి అయిపోయింది. ఆమె భర్త ఆ బిడ్డను తువ్వాలలో చుట్టి తీసుకుపోయి గోడ అవతలే పెట్టొచ్చాడు. ఆమె ఇప్పటికీ సకల మృతుల పండుగ నాడు అందరూ లోపల కొవ్వొత్తులు వెలిగిస్తుంటే గేటు దాటి గోడ చుట్టూ తిరిగి అటు పోతుంది.

ఇది శ్రీసభ చెప్పే సంప్రదాయమా? కాదు. అట్లాంటి పసిపిల్లలు మోక్షానందమూ నరక బాధా లేని చోట ఉంటారని మధ్యయుగంలో వేదాంత పండితులు ఒక అభిప్రాయం చెప్పారు, దాన్ని లింబో అన్నారు. చాలాకాలం బోధించారు, నిజమే, కానీ ఎప్పుడూ అది విశ్వాస సత్యంగా ప్రకటించలేదు. శ్రీసభ బోధనలన్నీ ఒకచోట చేర్చిన 1992 సత్యోపదేశ గ్రంథం ఈ పిల్లలను దేవుని కరుణకు అప్పగించమని చెప్పింది, పసివాళ్ళను నా దగ్గరకు రానివ్వండి అన్న యేసు మాటనే ఎత్తి చెప్పింది. 2007లో రోమ్‌లోని అంతర్జాతీయ వేదాంత సంఘం దీని మీద పెద్ద పత్రమే ఇచ్చింది, ఆ పిల్లలు రక్షణ పొందుతారని ఆశ పెట్టుకోవడానికి గట్టి కారణాలు ఉన్నాయని. అంతకుముందే 1983 శ్రీసభ చట్టం, తల్లిదండ్రులు జ్ఞానస్నానం ఇప్పించాలనుకుని ఉంటే, ఆ బిడ్డకు శ్రీసభ తరపున అంత్యక్రియలు జరపడానికి బిషప్ అనుమతి ఇవ్వొచ్చని రాసింది. 1983! ఆమె బిడ్డ పోయింది ఆ తర్వాతే. చట్టం ఉంది, రోమ్ ఉంది, ఊళ్ళో పెద్దల నోట్లో మాత్రం సంప్రదాయం అన్న ఒక్క ముక్క ఉంది, అదే గెలిచింది. యేసు మార్కు 7లో తిట్టింది సరిగ్గా దీన్ని. అక్కడ ఆయన ఇచ్చిన ఉదాహరణ చూడండి, దేవునికి అర్పించేశాం అని చెప్పి కన్నవాళ్ళకు పెట్టకుండా తప్పించుకునేవాళ్ళ గురించి. భక్తి పేరు చెప్పి మనిషిని వదిలేసే ఆచారం గురించి.

ఇట్లాంటివి ఇంకా ఉన్నాయి. కులం సంగతి తీసుకోండి. మా ప్రాంతంలో కొన్నిచోట్ల గుడిలో కూర్చునే వరసలు ఎవరివి ఎవరివో చెప్పకుండానే అందరికీ తెలుసు, సమాధుల దగ్గర అంతకంటే బాగా తెలుసు. దాన్నీ మన పద్ధతి అనేస్తారు. 1623లో పోప్ 15వ గ్రెగరీ మధురై మిషన్‌లో క్రైస్తవులైన బ్రాహ్మణులు జంధ్యం, పిలక ఉంచుకోవచ్చని అనుమతిచ్చిన మాట చరిత్రలో ఉంది, అట్లాంటివి ఆసరా అయ్యాయేమో. కానీ 2016లో భారత క్యాథలిక్ బిషప్పుల సమాఖ్యే దళిత సాధికారత విధానం అని ఒక పత్రం తెచ్చి వివక్షను ఎదుర్కోవాలని చెప్పింది. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోని గారు కార్డినల్ అయ్యారు, దళితుల్లో మొదటి కార్డినల్, తెలుగువాళ్ళలో మొదటి కార్డినల్. మా షాపులో ఆ వారం ఎన్ని ఫ్లెక్సీలు కొట్టామో. అభినందనల ఫ్లెక్సీ కట్టిన అదే గుడిలో వరసలు మాత్రం కదల్లేదు.

ఇంకో తమాషా చెప్తాను. బలిపూజలో హారతి, అగరొత్తులు, కింద కూర్చోవడం, చేతులు జోడించి దండం, ఇవన్నీ భారతదేశంలో పెట్టుకోవచ్చని రోమ్ 1969 ఏప్రిల్ 25న అనుమతి ఇచ్చింది. అప్పుడు కొందరు పెద్దలు ఇది మన సంప్రదాయం కాదు అని గోల చేశారని చెప్తుంటారు. ఇప్పుడు ఎవరైనా కొత్త ఫాదర్ గారు వచ్చి పండుగ నాడు హారతి ఆపమంటే చూడండి, అదే పెద్దల పిల్లలు మన సంప్రదాయం తీసేస్తున్నారని ధర్నా చేస్తారు. అరవై ఏళ్ళు కాలేదు, సంప్రదాయం అయిపోయింది. పూజ లాటిన్ నుంచి తెలుగుకు వచ్చినప్పుడూ ఇదే కథ. ఇవన్నీ మారేవే, మారాలి కూడా. గురువులు పెళ్ళి చేసుకోకపోవడం సైతం ఈ మారగలిగే వాటిలోకే వస్తుంది, రోమ్‌తో కలిసి ఉన్న తూర్పు శ్రీసభల్లో చాలావాటిలో పెళ్ళయినవాళ్ళు గురువులుగా ఉన్నారు, పేతురుకు అత్త ఉందని మార్కు మొదటి అధ్యాయంలోనే ఉంది. యేసు ఉత్థానం, దివ్యసత్ప్రసాదం, త్రిత్వం మాత్రం మారవు. ఏది మారుతుంది, ఏది మారదు అని జనానికి విడమరచి చెప్పకపోతే, అన్నీ ఒక మూటలో కట్టేస్తారు, ఆ మూటలోకి ఎవరి స్వార్థం వాళ్ళు తోసేస్తారు.

పోప్ గారి మాట గురించి కూడా క్లుప్తంగా. 1870లో మొదటి వాటికన్ మహాసభ చెప్పిన పొరపడని అధికారం అంటే పోప్ పొద్దున లేచి ఏది మాట్లాడినా తప్పు ఉండదని కాదు. సార్వత్రిక శ్రీసభకు గురువుగా, విశ్వాసం గురించో నీతి గురించో, ఇది అందరూ నమ్మాలి అని ఖాయంగా ప్రకటించినప్పుడు మాత్రమే. అప్పటి నుంచి అట్లా ప్రకటించింది ఒక్కటే అని అందరూ ఒప్పుకుంటారు, 1950 నవంబర్ 1న పోప్ 12వ పయస్ ప్రకటించిన మరియమాత మోక్షారోపణం, అంటే ఆమెను శరీరంతో సహా మోక్షానికి తీసుకున్నారన్న విశ్వాసం. ఆగస్టు 15న మేం జెండా ఎగరేసి, పూజ చేసుకునే పండుగ అది. బైబిల్‌లో ఆ సంఘటన రాసి లేదు, నిజమే. కానీ ఆయన సొంతంగా కనిపెట్టలేదు, వందల ఏళ్ళుగా తూర్పులో, పడమరలో జరుపుకుంటున్న పండుగ, పైగా 1946లో ప్రపంచంలోని బిషప్పులందరికీ ఉత్తరం రాసి మీ జనం నమ్ముతున్నారా అని అడిగి ఆ తర్వాత చేశాడు. మా బామ్మర్దికి ఇది మింగుడు పడదు, పడాలని కూడా నేను అనను. అదే రోమ్ 2025 నవంబర్‌లో ఇంకో పత్రం ఇచ్చి, మరియమాతను క్రీస్తుతో పాటు సహరక్షకురాలు అని పిలవడం తగదని చెప్పింది, రక్షకుడు ఒక్కడే అన్న గ్రంథం మాట మసకబారుతుందని. అంటే భక్తి ఎక్కువై దారి తప్పితే పగ్గం వేసేదీ అదే అధికారం. మీ వ్యాసంలో ఈ సగం లేదు.

మా తప్పు కూడా చెప్పాలి కదా. 1564లో రోమ్ పెట్టిన నియమం ప్రకారం మామూలు జనం తమ భాషలో బైబిల్ చదవాలంటే అనుమతి తీసుకోవాలి. తర్వాత అది సడలింది, 1965 పత్రం అయితే అందరికీ బైబిల్ అందుబాటులో ఉండాలని, గ్రంథం తెలియకపోతే క్రీస్తు తెలియనట్టేనన్న జెరోమ్ మాటను గుర్తు చేసింది. కానీ ఆ పాత భయం మా ఇళ్ళల్లో ఇంకా పోలేదు. చాలా ఇళ్ళల్లో బైబిల్ ఉంటుంది, షోకేసులో, కుంకుమ బొట్టు ఒక్కటే తక్కువ, జపమాల చుట్టి పెడతారు. పిల్లలు ప్రశ్న అడిగితే "పోయి ఫాదర్‌ను అడుగు" అంటారు, ఫాదర్ గారికి మూడు ఊళ్ళ పూజలు, బడి, హాస్టల్ లెక్కలు. ఆ పిల్లవాడికి జవాబు చెప్పేది చివరికి ఎవరంటే యూట్యూబ్‌లో ఏదో ఒక పాస్టరు. తర్వాత మా పిల్లలు పోతున్నారో అని ఏడ్చి లాభం లేదు.

విచారణ సలహా సంఘాల్లో ఉన్న పెద్దలను నేను అడిగేది రెండు. వారానికి ఒక సాయంత్రం గుడిలో బైబిల్ తెరిచి చదవండి, ఎంబీ వాళ్ళు బుధవారం చేస్తున్నది మనం చేస్తే తప్పేం లేదు. రెండోది, మీ సమాధుల తోట గోడ అవతల ఏమన్నా ఉంటే దాన్ని గోడ లోపలికి తెచ్చే పని ఈ తపస్కాలంలోనే మొదలుపెట్టండి, బిషప్ గారిని అడిగితే కాదనరు. గోడ నాలుగు గజాలు జరపడానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

సంపాదకులు గారూ, ఆ వ్యాసం రాసినాయన దీనికి జవాబు రాస్తే తప్పకుండా వేయండి. కాకపోతే మార్కు 7 ఒక్కటే పెట్టకుండా 2 తెస్సలోనిక 2 కూడా పక్కన పెట్టుకుని రాయమనండి. ఉత్తరం పొడుగైందని మీరు కోయాల్సి వస్తే పోప్ పేరా కోసుకోండి, చంటిపిల్లల పేరా మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక క్యాథలిక్ పాఠకుడు,
నల్లగొండ